తొమ్మిది క్లిక్కుల హ్యాండ్‌బ్రేకు

ఇప్పుడు మీ కార్లలో హ్యాండ్‌బ్రేకు ఒక మీట. వేలితో నొక్కితే ఎర్రదీపం వెలుగుతుంది. బండి ఇక కదలదని మీరు నమ్ముతారు. చాలాసార్లు అది నిజమే అవుతుంది. మా రోజుల్లో అది డ్రైవరు సీటు పక్కన మోచేతి పొడవు ఇనప కడ్డీ. పైకి లాగుతుంటే లోపల పంటి మీద పన్ను పడి క్లిక్కు, క్లిక్కు అని లెక్క చెప్పేది. నాలుగైదు క్లిక్కులకు బిగుసుకుంటే బండి ఆరోగ్యంగా ఉన్నట్టు. ఏడైతే మందు వెయ్యాలి. తొమ్మిది సంగతి చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

నా ఉద్యోగ జీవితంలో చెప్పుకోదగ్గ ఘనకార్యాలు రెండే. ఒకటి, ముప్పై ఏళ్లకు పైగా ఎవరి కంటా పడకుండా పనిచేయడం. రెండోది ఇది. రిటైరైన రోజు సభలో మొదటిదాన్ని పొగిడారు. రెండోది తెలిసినవాళ్లెవరూ ఆ సభలో లేరు.

అరవయ్యో దశకం చివరి సంవత్సరాలు. కోస్తా నుంచి వచ్చి, అడిక్‌మెట్‌లో ఒక గదిలో ఉంటూ, యూనివర్సిటీ మోటారు షెడ్డులో టెక్నికల్ అసిస్టెంటుగా చేరాను. మా నాన్న మిషన్ స్కూల్లో టీచరు. కొడుకు యూనివర్సిటీలో పనిచేస్తున్నాడని చర్చిలో అందరికీ చెప్పాడు, ఏ పని అన్నది దేవుడికే వదిలేశాడు. నేను ఫిజిక్సులో బీయస్సీ. ఘర్షణ మీద పది మార్కుల ప్రశ్నకు తొమ్మిది తెచ్చుకున్నవాణ్ణి. కానీ బ్రేకు డ్రమ్మును దగ్గరగా చూసింది మాత్రం షెడ్డులో చేరిన రోజే. చూసి, "ఇదేమిటండీ, వంటగిన్నెలా ఉందీ" అన్నాను. ఆ తర్వాత ఆరు నెలలు షెడ్డులో నన్ను అందరూ గిన్నె సారనే పిలిచారు.

అనని వాడు ఒక్కడే, హెడ్ మిస్త్రీ. యాభై ఆరు దాటిన మనిషి. భువనగిరి వైపు వ్యవసాయ కుటుంబం నుంచి కుర్రతనంలో పట్నం వచ్చి, ఇంజన్ల మధ్యే తల నెరిసినవాడు. చదువు ఉర్దూలో కొంచెం. మిగతా చదువంతా చెవిలో. నడుస్తున్న ఇంజను పక్కన స్క్రూడ్రైవరు మొన ఆనించి, పిడి చెవి దగ్గర పెట్టుకుని, ఏ వాల్వు దగ్గర లోపముందో చెప్పేవాడు. ఊళ్లో డాక్టర్లు ఛాతీ మీద గొట్టం పెట్టినంత గంభీరంగా ఉండేది ఆ దృశ్యం.

హ్యాండ్‌బ్రేకు కూడా ఆయన చెవితోనే కట్టేవాడు. కట్టడమంటే షెడ్డు భాషలో బిగువు సరిచేయడం. మీకు అర్థం కావడానికి ఈ ఒక్కటి చెబుతాను, తర్వాత విసిగించను. వెనక చక్రాల డ్రమ్ముల్లో, లివరు లాగితే వాటిని లోపలినుంచి పట్టుకునే షూలు ఉంటాయి. వాటి మీద లైనింగ్ అనే రాపిడి పొర ఉంటుంది. లైనింగ్ అరిగినకొద్దీ షూ డ్రమ్ముకు దూరమవుతుంది, లివరు పైపైకి వస్తుంది. దాన్ని సరిచేయడానికి చక్రం గాల్లోకి లేపి, చేత్తో తిప్పుతూ, వెనక ఉన్న అడ్జస్టరును కొంచెం కొంచెం బిగించాలి. షూ డ్రమ్మును తాకగానే, పట్టుచీర నేల మీద జీరాడినట్టు సన్నటి చప్పుడొస్తుంది. అక్కడ ఆగి, ఒక్క మెట్టు వెనక్కి తిప్పాలి. అంతే. ఆ తర్వాత కూడా లివరు వదులుగా ఉంటేనే, బండి కింద ఉన్న కేబుల్ నట్టు జోలికి పోవాలి.

"ముందుగాల షూలు, లాస్టుకు కేబుల్" అనేవాడు మిస్త్రీ. "కేబుల్ గుంజుడు ఎవనికైనా వస్తది సార్. అది లివరును ఖుష్ జేసుడు. చక్రానికి ఏం ఎరుక?"

ఇది నోట్సులో రాసుకున్నాను కూడా. రాసుకున్నవి మనం ఎంత బాగా పాటిస్తామో మీకు చెప్పక్కర్లేదు.

నాకు పొద్దున్నే షెడ్డులో ఒక జోకు చెప్పే అలవాటుండేది. ఎవరూ నవ్వేవారు కాదు. డ్రైవర్లు బీడీలు చూసుకునేవారు. రెండో మెకానిక్కు "ఐపోయిందా సార్?" అని మర్యాదగా అడిగేవాడు. మిస్త్రీ ఒక్కడే నవ్వేవాడు. ముందు పళ్లలో ఒకటి లేని నోటితో, భుజాలు కదిలేలా నవ్వేవాడు. నా బతుకులో నాకు దొరికిన మొదటి రసికుడు ఆయనే అనుకున్నాను.

ఒకరోజు ఆయన జీపు ఇంజను మీదికి వంగి ఉన్నాడు. నేను వెనక నిలబడి, ఆ వారానికంతటికీ గొప్పదనుకున్న జోకు చెప్పాను. ఉలుకూ పలుకూ లేదు. ఈయనకూ అభిరుచి పెరిగినట్టుందే అనుకుంటూ, జోకు చివరి మాట మళ్లీ చెబుతూ ముందుకు నడిచాను. ఆయన తలెత్తి నన్ను చూశాడు. నా నోరు కదలడం, తర్వాత నేనే నవ్వడం చూశాడు. వెంటనే భుజాలు కదిలేలా నవ్వాడు.

అప్పుడు నాకు ఒకేసారి రెండు సంగతులు తెలిశాయి. ఒకటి, మిస్త్రీకి చెవులు వినపడటం లేదు. రెండు, నా జోకులు బాగుండవు.

మోటారు షెడ్డులో ఇది బయటపడకపోవడంలో వింతేమీ లేదు. అక్కడ రేకుల మీద సుత్తి మోగుతుంటుంది, ఇంజన్లు అరుస్తుంటాయి. చెవులున్నవాళ్లు కూడా చేతులతోనే మాట్లాడుకుంటారు. పిడికిలి తిప్పితే స్పానరు. అరచెయ్యి పైకెత్తితే జాకీ. వేళ్లు చూపిస్తే క్లిక్కులు. మిస్త్రీ ఆ భాషలో పండితుడు. అందుకే అంతకాలం నెట్టుకొచ్చాడు. నేను ఎవరికీ చెప్పలేదు. చెబితే మెడికల్ బోర్డుకు పంపుతారు. చెవిటివాడని రాసి ఇంటికి పంపుతారు. ఇంకా రెండేళ్ల సర్వీసు ఉంది. ఆ రెండేళ్లు మాత్రమే అయితే ఎలాగో సర్దుకునేవాడేమో. కానీ చెవితో బతికిన మిస్త్రీని చెవి కోసం ఇంటికి పంపడం... నాకు అప్పుడు ఇరవై నాలుగేళ్లు. జాలి పడటం చాలా మంచి పని అనుకునే వయసు.

కాబట్టి నేను ఆయన చెవినయ్యాను. ఎవరైనా ఆయనతో మాట్లాడితే, ఆయన కంటికి ఎదురుగా నిలబడి చేత్తో అర్థమయ్యేలా చేసేవాణ్ణి. ఈ సంగతి మా ఇద్దరి మధ్య ఒక్కసారి కూడా మాటల్లోకి రాలేదు. ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

అలా జరిగిపోయేదే. పెద్దసారు కారు లేకపోతే.

పెద్దసారు యూనివర్సిటీలో ఒక పెద్ద ఆఫీసరు. విదేశంలో రెండేళ్లుండి వచ్చారు. ఆ రెండేళ్ల గురించి ఇరవై ఏళ్లు మాట్లాడగల శక్తి ఆయనకుండేది. ఇల్లు తార్నాకలో, ఏటవాలు సందు పైకొసన. కారు నల్లది, పాతది. ఆయన ముందు సీట్లో కూర్చునేవారు. బండి ఆగాక డ్రైవరు హ్యాండ్‌బ్రేకు లాగుతుంటే పైకి లెక్కపెట్టేవారు.

"సెవెన్... ఎయిట్... నైన్! ఇది హ్యాండ్‌బ్రేకా, మేడ మెట్లా?"

మా డ్రైవర్లకు హ్యాండ్‌బ్రేకు మీద అంత పట్టింపు లేదు. వాళ్లకు రాళ్లుండేవి. క్యాంపస్ అంతా ఎత్తుపల్లాలు కదా, ప్రతి డ్రైవరూ ఒక రాయిని ఎంచుకుని, గుర్తు వేసుకుని, డిక్కీలో పెట్టుకుని తిరిగేవాడు. బండి ఆపగానే దిగి చక్రం కింద పెట్టేవాడు. ఒకరి రాయి ఇంకొకరు ముట్టుకునేవారు కాదు. అడగడం కూడా తప్పే, ఒకరి తువ్వాలు ఇంకొకరు అడిగినట్టు. పెద్దసారు డ్రైవరు రాయి అన్నిటికంటే అందంగా ఉండేది. మూడు పలకలది, సున్నం కొట్టి తెల్లగా ఉంచేవాడు.

ఆ కారు మొదటిసారి తొమ్మిది క్లిక్కులతో షెడ్డుకొచ్చినప్పుడు మిస్త్రీ షూలు కట్టాడు. నాలుగుకు వచ్చింది. మూడు వారాల్లో మళ్లీ తొమ్మిది. కొత్త లైనింగ్ వేసి మళ్లీ కట్టాడు. నెల తిరక్కుండానే మళ్లీ అంతే. ఈసారి డ్రమ్ము విప్పితే కాలిన వాసన. అప్పుడు అర్థమైంది నాకు. ఆ పట్టుచీర చప్పుడు ఆయనకు వినపడటం లేదు. చేతికి తెలిసేదాకా బిగిస్తున్నాడు. ఆయన చేతికి తెలిసే సరికి షూ డ్రమ్మును కరచుకునే ఉంటోంది. రోడ్డు మీద పోతున్నంతసేపూ లైనింగ్ కాలుతూనే ఉంటోంది.

"లైనింగ్ లేదు సార్, రివెట్లు కనవడుతున్నయ్. కొత్తయి తెప్పియ్యి" అన్నాడు మిస్త్రీ, వేలితో రివెట్టును గీకి చూపిస్తూ. "అందాక ఉన్నకాడికి కడుత. ఏందో ఈ బండి, లైనింగ్ బుక్కుతున్నది."

కొత్త లైనింగ్ కావాలని ఇండెంటు కాగితం నేనే రాశాను. సంతకమూ చేశాను. పైకి పంపాలంటే ఒకటే భయం. నెలలోపే ఒకే కారుకు రెండోసారి లైనింగ్ ఎందుకని అడుగుతారు. అడిగితే ఎవరో ఒకరు వచ్చి మిస్త్రీ పని చేస్తుంటే పక్కన నిలబడతారు. నిలబడితే ఏదో ఒకటి అడుగుతారు. ఆయన నవ్వుతాడు. కాగితాన్ని సొరుగులో పెట్టాను. రెండు వారాలు ఆగి పంపుదాం, అప్పటికి పెద్దసారు వేరే విషయం మీదికి పోతారు అనుకున్నాను.

ఆ మధ్యాహ్నం మిస్త్రీ షూలు ఉన్నకాడికి కట్టి, గుడ్డతో చేతులు తుడుచుకుని, టిఫిను డబ్బా పట్టుకుని చెట్టు కిందికి పోయాడు. లివరు లాగి చూడకుండానే పోయాడనుకున్నాను. నేను సీట్లో కూర్చుని లాగాను. తొమ్మిది. అడ్జస్టరు చివరిదాకా వచ్చేసింది, ఇక తిరగదు. సాయంత్రం నాలుగింటికి పెద్దసారుకు కారు కావాలి.

షెడ్డులో ఎవరూ లేరు. చొక్కా విప్పి, గోనె పరచుకుని, బండి కిందికి దూరాను. కేబుల్ నట్టుకు కిరసనాయిలు పూసి, స్పానరు పెట్టి తిప్పాను. మరలున్నంత మేరా తిప్పాను. పైకి వచ్చి లివరు లాగితే నాలుగు క్లిక్కులకే రాయిలా బిగుసుకుంది. చూసినవాడెవడైనా అదే మంచి బ్రేకనేవాడు. లోపల షూ డ్రమ్మును ఎంత పట్టుకుంటోందో లివరు చెప్పదు. తీగ బిగువే చేతికి తెలుస్తుంది. ఫిజిక్సులో తొమ్మిది మార్కులు వచ్చినవాడికి ఇది తెలియదని కాదు. కాలిబ్రేకు బాగానే ఉంది, బండి ఆపితే రాయి ఉంది, లైనింగ్ వచ్చేదాకా ఇదే చాలు అనుకున్నాను.

మిస్త్రీ తిని వచ్చాడు. సీట్లో కూర్చుని లివరు లాగాడు. వినపడకపోయినా అరచేతికి తెలుస్తుంది కదా, ఒక్కొక్క పన్నూ. కాసేపు అలాగే పట్టుకున్నాడు. నావైపు చూశాడు. నేను నాలుగు వేళ్లు చూపించి, బాగుందన్నట్టు తల ఊపాను.

ఆయన మెల్లగా నవ్వాడు. "ఇగ అయింది తియ్" అన్నాడు.

పెద్దసారు సంతోషానికి పట్టపగ్గాలు లేవు. మర్నాడు పొద్దున నన్ను పిలిచి, "ఫోర్! కరెక్ట్‌గా ఫోర్! అక్కడ కూడా ఇంత పర్ఫెక్టుగా ఉండదయ్యా" అన్నారు. అక్కడ అంటే ఎక్కడో చెప్పక్కర్లేదు. ఆ సంతోషంలోనే రెండు ఆజ్ఞలు జారీ చేశారు. మంచి హ్యాండ్‌బ్రేకు ఉన్న కారుకు రాయి పెట్టడం అనాగరికం కాబట్టి రాయి తీసెయ్యాలి. గేరులో పెట్టి ఆపితే బయల్దేరేటప్పుడు కుదుపొస్తోంది కాబట్టి అదీ మానెయ్యాలి.

డ్రైవరు షెడ్డుకొచ్చి తెల్లరాయిని నా బల్ల పక్కన పెట్టాడు. "గిన్నె సారూ, జర పైలం జేయుండ్రి. మా పెద్దసారుకు మళ్ల ఎప్పుడు బుద్ధి మారుతదో."

అప్పుడు చెప్పి ఉండొచ్చు. ఆ రాయి తీయొద్దు అని ఒక్క మాట అంటే చాలు. ఎందుకని అడుగుతాడు. దానికి జవాబు చెబితే ఇంకో ఎందుకు వస్తుంది. ఇలాంటి వరసలో మొదటి మెట్టు దగ్గరే నోరు మూసుకోవడం తేలికని నాకు తోచింది. "సరే, ఇక్కడే ఉంటుందిలే" అన్నాను. ఇండెంటు కాగితాన్ని మాత్రం సొరుగులోంచి తీసి, ఆ సాయంత్రమే పంపుదామని బల్ల మీద పెట్టాను. సాయంత్రం మళ్లీ సొరుగులో పెట్టాను.

పది రోజులు ఏమీ కాలేదు. ఆ పది రోజులూ మిస్త్రీ హుషారుగా ఉన్నాడు. రెండో మెకానిక్కును "ఏందిరా, నడుములు విరిగినయా?" అని ఆటపట్టించాడు. నేను చెప్పకముందే నా జోకులకు నవ్వాడు. ఒక మనిషికి ఇంత సంతోషం ఒక నట్టుతో ఇవ్వగలిగానా అని రాత్రి నాలో నేను మురిసిపోయిన మాట కూడా దాచను.

పదకొండో రోజు పెద్దసారు కబురు చేశారు. ఈ హ్యాండ్‌బ్రేకు కట్టినవాణ్ణి చూడాలట. ఆదివారం పొద్దున ఇంటికి రమ్మన్నారు. ఆయన అతిథులెవరో వస్తున్నారు, వాళ్లకు చూపించాలట. నేను మిస్త్రీకి చేతులతో చెప్పాను. పెద్దసారు, ఇల్లు, ఆదివారం, నువ్వు. ఆయన తన ఛాతీ మీద వేలు పెట్టుకుని, "నన్నా?" అన్నాడు. అవునన్నాను. మళ్లీ అడిగాడు, "నన్నేనా?"

ఆదివారం మేమిద్దరం సైకిళ్ల మీద తార్నాక పోయాం. మిస్త్రీ తెల్లంగి వేసుకున్నాడు. దానికి ఇస్త్రీ మడతలు కూడా ఉన్నాయి. అంతవరకూ నేను ఆయన్ను ఖాకీలో తప్ప చూడలేదు. పెళ్లికి పోతున్నవాడిలా కనిపించాడు. ఆ మాటే చేత్తో అభినయించి చూపిస్తే సైకిలు మీదే నవ్వాడు.

కారు గేటు ముందు, ముక్కు పల్లానికి పెట్టి ఆగి ఉంది. డ్రైవరు అద్దం తుడుస్తున్నాడు. మేం సైకిళ్లు గోడకు ఆనించాం. మిస్త్రీ తన చేతులు చూసుకున్నాడు. దారిలో సైకిలు గొలుసు ఊడితే సర్దాడు, వేళ్లకు నల్లగా గ్రీజు అంటింది. సందు కింది మలుపులో ప్రహరీగోడకు ఒక నీళ్ల నల్లా ఉంది. "కడుక్కొని వస్త. గీ చేతులతోని పెద్దసారుకు నమస్తే వెట్టాల్నా?" అని సందు మధ్యలోంచి కిందికి నడిచాడు.

డ్రైవరు గుడ్డను సీటు మీద పడేసి తలుపు వేశాడు. గట్టిగా కూడా వేయలేదు. అంత మాత్రానికే కారు కదిలింది.

ఇంజను ఆగి ఉన్న కారు ఎంత నిశ్శబ్దంగా కదులుతుందో మీరు చూసి ఉండరు. ఆ ఒక్క క్షణం నాకు అది కదులుతున్నట్టే అనిపించలేదు, గోడే వెనక్కి పోతోందనిపించింది. డ్రైవరు తలుపు పట్టుకుని పరిగెత్తాడు. చెయ్యి జారి పడ్డాడు. "కాకా! ఓ కాకా! పక్కకు జరుగు!" అని అరిచాడు. నేనూ అరిచాను. ఎదురింటి మేడ మీద బట్టలారేస్తున్న ఆమె కూడా అరిచింది. సందు మధ్యలో పడుకున్న కుక్క లేచి పక్కకు జరిగింది. మిస్త్రీ నల్లా కింద వంగి చేతులు కడుక్కుంటూనే ఉన్నాడు. మణికట్టు దాకా శ్రద్ధగా రుద్దుకుంటున్నాడు.

ఆ తర్వాతి నిమిషం గురించి రాయను. మిస్త్రీ కుడికాలు మోకాలి పైదాకా తీసేశారు.

ఆస్పత్రి వరండాలో పెద్దసారు నిజంగా కుంగిపోయి కూర్చున్నారు. ఆయన చెడ్డమనిషి కాదు. డ్రైవరు ఏడుస్తూ, "శాన ఒర్లిన సార్, ఎంత ఒర్లినా తిరిగి చూడలె" అన్నాడు. పెద్దసారు నావైపు చూశారు. ఆలోచించకుండానే నా నోట్లోంచి వచ్చింది. "నల్లా చప్పుడు సార్. నీళ్ల చప్పుడుకు వినపడి ఉండదు."

అప్పుడు కూడా దాచాను. అలవాటు.

రెండు వారాల తర్వాత విచారణ. అప్పటికి రెండో మెకానిక్కు బండి విప్పి చూశాడు. లైనింగ్ లేదు, కేబుల్ మరల చివరిదాకా లాగి ఉంది, నట్టు మీద కొత్త స్పానరు గీతలున్నాయి అని రాసిచ్చాడు. పెద్దసారూ, ఆఫీసు సూపరింటెండెంటూ ఆస్పత్రిలో మిస్త్రీ మంచం పక్కన కుర్చీల్లో కూర్చున్నారు. నేను ఎప్పటిలాగే మిస్త్రీ కళ్లకు ఎదురుగా నిలబడ్డాను.

"షూలకు లైనింగ్ లేకుండా కేబుల్ ఎవరు బిగించారు? నువ్వేనా?" అని సూపరింటెండెంటు అడిగాడు.

మిస్త్రీ నా చెయ్యివైపు చూశాడు. నేను పిడికిలి కట్టి, నట్టు తిప్పినట్టు తిప్పాను. వేలు ఆయనవైపు పెట్టి, ప్రశ్నలా కనుబొమలెత్తాను. ఆ వేలు అటు తిరగడానికి ఎంత సమయం పట్టిందో, నా ఛాతీవైపు తిరగడానికీ అంతే పట్టేది. దూరం కూడా తక్కువే. తిరగలేదు.

ఆయన నా వేలిని చాలాసేపు చూశాడు. తర్వాత నన్ను చూశాడు. తర్వాత కిటికీ చూశాడు.

"నేనే సార్" అన్నాడు. "నేనే గుంజిన."

సూపరింటెండెంటు రాసుకున్నాడు. నిర్లక్ష్యం అని తేల్చారు. మిస్త్రీని ఉద్యోగంలోంచి తీసేశారు. చెవుల సంగతి ఏ కాగితంలోనూ రాలేదు. ఆ ఒక్క విషయంలో నేను పూర్తిగా విజయం సాధించాను. సొరుగులోని ఇండెంటును అదే వారం పంపాను. ఎవరూ ఏమీ అడగలేదు. మూడో రోజుకే లైనింగ్ వచ్చింది. డ్రైవరు వచ్చి తన తెల్లరాయిని తీసుకెళ్లాడు. పెద్దసారు మళ్లీ ఎప్పుడూ క్లిక్కులు లెక్కపెట్టలేదు.

గోల్నాకలో మిస్త్రీ ఇంటికి పోవడానికి నాకు ఐదు నెలలు పట్టింది. సైకిలు మీద పావుగంట దూరం.

ఇంటి ముందు అరుగు మీద కూర్చుని ఎవరిదో సైకిలు చక్రం సరిచేస్తున్నాడు. చక్రం పుల్లల్ని ఒక్కొక్కటే వేలితో మీటి, చెవితో కాక, వాటి బిగువును వేలి చర్మంతో చూసుకుంటున్నాడు. ఆయన భార్య నన్ను గుర్తుపట్టి, "రా బిడ్డా, కూసో. ఛాయ్ పెడత" అంది. లోపలికి పోతూ, "ఆయనకు ఇనవడది, ఎదురుంగ కూసోని మాట్లాడు" అంది. ఆ రహస్యాన్ని అంత మామూలుగా ఒకరు పైకి అనడం నేను వినడం అదే మొదటిసారి.

ఎదురుగా కూర్చున్నాను. ఐదు నెలలు మనసులో దిద్దుకున్న మాటలన్నీ ఉన్నాయి. వాటిని వదిలేసి, పిడికిలి కట్టి నట్టు తిప్పినట్టు తిప్పాను. ఈసారి వేలు నా ఛాతీకి ఆనించాను.

"ఎరుకే" అన్నాడు, చక్రం తిప్పుతూనే. "ఆనాడే ఎరుక."

నాకు అర్థం కాలేదు.

"షూలు కట్టినంక ఎన్నుండె? అన్నానికి పోకముందు. చెప్పు."

లాగి చూడకుండా పోయాడని కదా నేననుకున్నది. కనీసం ఆయన పని మరీ చెడిపోలేదనిపిద్దామని, ఐదు వేళ్లు చూపించాను.

ఆయన చక్రం పక్కన పెట్టాడు. నా రెండో చెయ్యి ఒళ్లో ఉంది. దాన్ని తీసుకుని, గ్రీజు అంటిన వేళ్లతో నా వేళ్లు ఒక్కొక్కటే విప్పి, నాలుగు నిలబెట్టి, ఐదు పక్కన పెట్టాడు. తొమ్మిది.

"తొమ్మిది విడిసిపెట్టి తినవోయిన. వచ్చెవరకు నాలుగైనయ్. మనం అన్నం తినే లోపల లైనింగ్ పెరుగుతదా సార్?"

"మరి ఎందుకు చెప్పలేదు?" అన్నాను. నోటితోనే అన్నాను. పెదాలు చదివాడు.

"లైనింగుకు కాయిదం పంపినవనుకున్న. వచ్చెదాక నడుస్తది తియ్ అనుకున్న." పక్కన పెట్టిన చక్రాన్ని మళ్లీ ఒళ్లోకి తీసుకున్నాడు. చూపు సైకిలు మీదే ఉంది. "మల్ల పెద్దసారు పిలిపిచ్చె. ముప్పై ఏండ్లల్ల నా పనిని జూసి పిలిచినోడు లేడు సార్. నేను గాదంటే ఇంకెవరిని పిలుస్తడు? ఒక్కపారి పోయి వస్త, వచ్చినంక నీకు చెప్పి కేబుల్ ఇడిపిస్త అనుకున్న. అంగి గూడ ఇస్త్రీ జేపిచ్చిన."

ఆయన భార్య ఛాయ్ తెచ్చి మా మధ్య పెట్టింది. ఇద్దరం తాగాం. విచారణలో నేనే అని ఎందుకన్నావని అడగలేదు. అడగాల్సిన అవసరం లేదనిపించింది. ఆ నాలుగు క్లిక్కులు ఆయన తనవని ఒప్పుకున్నాడు, పది రోజులు వాటిని తనవిగానే ఉంచుకున్నాడు కాబట్టి. నావేనని నేను చెప్పి ఉండాల్సింది. అదీ ఆయనకు తెలుసు.

లేవబోతూ ఆయన్ను చూశాను. వెళ్లేముందు ఏదో ఒకటి చెప్పాలి కదా. క్షమించమని అడగాలనుకున్నానో, మళ్లీ వస్తానని చెప్పాలనుకున్నానో ఇప్పటికీ తెలియదు. నోరు తెరిచాను.

ఆయన పని ఆపి, నా పెదాలవైపే చూస్తూ, నవ్వడానికి సిద్ధంగా ఉన్నాడు.